మందగించిన కంప్యూటరును చురుకు చేయుట

గత వేసవిలో ప్రచార కార్యక్రమము నిమిత్తమై రావికమతం ప్రాంతమునకు వెళ్ళినపుడు, అచ్చటి ఒక గ్రామ కార్యాలయమున గంటసేపు కూర్చుండవలసి వచ్చినది. చీమలపాడు వైపు కొండవార పల్లె నుండి ఒక వృద్ధురాలు ఆదాయ ధ్రువపత్రము కొరకు వచ్చి గుమ్మము ప్రక్కన కూర్చున్నది. ఆమె అర్జీని నమోదు చేయవలసిన కంప్యూటరు మీట నొక్కిన పదునైదు నిమిషములకు గాని మేలుకొనలేదు. మేలుకొనిన తరువాతను తెరపై చిన్న చక్రము తిరుగుచునే యున్నది. ఆమె ఆ చక్రమును కొంతసేపు చూచి, "ఏటి బాబూ, ఆ సక్రం ఎంతసేపు తిరుగుద్ది? మా ఊరు పోయే ఆటో రెండు గంటలకే ఎలిపోద్ది" అని అడిగినది. ఆటో వెళ్ళిపోయినది. ఆమె మరునాడు మరల రావలసి వచ్చినది. రెండు దినముల కూలి పోయినది.

యంత్రము ముందు కూర్చున్న యువకునిపై కొందరు విసుగు చూపిరి. అతని దోషమేమియు లేదు. అచ్చటనే యున్న సభ్యు లిద్దరు, "పాతదాన్ని తీసేసి కొత్తది కొందాం, తీర్మానం రాయండి" అనిరి. వారిలో వయసు మళ్ళిన మరియొక సభ్యుడు, అనకాపల్లి బజారుకు ఏండ్ల తరబడి బెల్లము తోలిన రైతు, వారిని వారించి, "బండి బరువుగా నడిస్తే ఎడ్లను అమ్మేస్తామా? ముందు ఇరుసు చూడాల గదా" అని పలికెను. ఆ మాట నాకు మిక్కిలి నచ్చినది. ఇరుసును ఎట్లు చూడవలెనో పంచాయతీ సభ్యులకు తెలియజేయుటకే ఈ పాఠము వ్రాయుచున్నాను. ఇండ్లలో పిల్లల చదువు కొరకు కొనిన కంప్యూటర్లకును ఇందలి విషయములు అన్నియు వర్తించును.

మన రాష్ట్రమున ప్రజల పనులకు కంప్యూటరును వాడుట క్రొత్త విషయము కాదు. 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములందు దస్తావేజుల పని కంప్యూటర్లపైకి మారినది. 2011లో మీసేవ వచ్చినది. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2020 ఏప్రిలు 24వ తేదీన ఈ-గ్రామ్ స్వరాజ్ దేశమంతటి పంచాయతీల కొరకు వెలువడినది. పంచాయతీ ప్రణాళిక, జమాఖర్చులు, చెల్లింపులు దాని ద్వారా నడచుటకు ఏర్పాటైనది. కావున 2019లో వచ్చిన కంప్యూటరు నేటికిని పనిచేయుచున్నచో దాని వయస్సు ఆరేండ్లు దాటినది. ఆనాడు దానికప్పగించిన పని కొద్ది. నేడు మోయుచున్న పని చాల ఎక్కువ.

కరణముగారి కచేరీ

కంప్యూటరు లోపల ఏమి జరుగునో తెలిసికొనుటకు కరణముగారి కచేరీని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కరణీకములు 1984లో రద్దైనను, పెద్దల కా దృశ్యము కన్నులకు కట్టినట్లుండును. కరణముగారు వ్రాతబల్ల ముందు కూర్చుండువారు. దస్తరములన్నియు లోపలి గదిలో భోషాణమునందుండెడివి. అడంగలు కావలసినచో లోపలికి పోయి, కట్ట విప్పి, కాగితము తెచ్చి బల్లపై పరచి చూచెడివారు.

కంప్యూటరులో ప్రాసెసరు కరణమువంటిది. ర్యాము అనబడు తాత్కాలిక జ్ఞాపకము వ్రాతబల్ల. హార్డు డిస్కు లోపలి భోషాణము. కరణము ఎంత చురుకైనవాడైనను, బల్ల మూరెడే యున్నచో ఒక కట్టను లోపల పెట్టి వచ్చిన గాని రెండవ కట్టను విప్పుట సాధ్యము కాదు. భోషాణము మూత బిగిసికొని కష్టముగా తెరచుకొనునదైనచో అతని ప్రొద్దంతయు దానితోనే సరిపోవును. మన కార్యాలయములందు నేను చూచిన మందకొడి యంత్రములలో చాల వాటికి కరణము మంచివాడే. బల్లయో, భోషాణమో తక్కువ.

మొదట రోగ నిర్ణయము

చక్రము తిరుగుచున్నంత మాత్రమున కంప్యూటరు మందగించినదని తలపరాదు. ఇంటర్నెట్టు మందముగా నున్నను, ఆవలి ప్రభుత్వ పోర్టలు రద్దీలో నున్నను అట్లే కనబడును. దీనిని తేల్చుట సులభము. ఇంటర్నెట్టును పూర్తిగా తొలగించి, కంప్యూటరులోనే యున్న ఒక ఉత్తరమును తెరచి చూడవలెను. అదియును ఆలస్యముగా తెరచుకొన్నచో లోపము యంత్రమునందే కలదు. ఉత్తరము చటుక్కున తెరచుకొని, పోర్టలు మాత్రము రాకున్నచో, సెల్‌ఫోను హాట్‌స్పాట్ ద్వారా మరియొకసారి ప్రయత్నింపవలెను. అప్పుడు త్వరగా వచ్చినచో కార్యాలయపు కనెక్షనులో లోపము. అప్పుడును రాకున్నచో పోర్టలునందో, ఆ ప్రాంతపు సిగ్నలునందో ఇబ్బంది యున్నదనుకొనవచ్చును. పోర్టలు రద్దీకి కంప్యూటరును మార్చుట వలన ప్రయోజనము లేదు.

లోపము యంత్రమునందే యని తేలినపుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారిగా నొక్కవలెను. టాస్క్ మేనేజరు అను పట్టిక తెరచుకొనును. అందు ప్రాసెసరు, మెమరీ, డిస్కు ఎంతెంత పనిలో నున్నవో నూటికింత యని కనబడును. పోర్టలులో పని జరుగుచున్నపుడే దీనిని చూడవలెను. ఖాళీగా నున్నపుడు చూచినచో రోగము దాగియుండును. డిస్కు అంకె ఎడతెగక 90, 100 దగ్గర నిలిచినచో భోషాణము మందము. మెమరీ 85 దాటి యున్నచో బల్ల చాలదు. ప్రాసెసరు ఏ పనియు లేకున్నను 100 చూపుచున్నచో, ఏదో ప్రోగ్రాము పట్టుతప్పినదనియో, వైరసు ప్రవేశించినదనియో అనుమానింపవలెను. అదే పట్టికలో పెర్ఫార్మెన్స్ అను భాగమును తెరచినచో డిస్కు ఏ రకమో, ర్యాము ఎన్ని గిగాబైట్లో, దానిని అమర్చు గాళ్ళలో ఎన్ని ఖాళీగా నున్నవో తెలియును. ఈ నాలుగు ముక్కలను కాగితముపై వ్రాసికొని దుకాణమునకు పోయిన సభ్యుని ఎవరును మోసపుచ్చలేరు.

కానీ ఖర్చు లేని పనులు

మొదట చేయవలసినది యంత్రమును రీస్టార్ట్ చేయుట. మన కార్యాలయములందు ప్రతి సాయంకాలము షట్‌డౌన్ చేయుచున్నాము గదా యని అందురు. విండోస్ 10లోను, 11లోను షట్‌డౌన్ చేసినను, మరునాడు త్వరగా లేచుటకై లోపలి స్థితిలో కొంత భాగము డిస్కుపై దాచబడును. కావున పాత చిక్కులు పూర్తిగా తొలగవు. రీస్టార్ట్ చేసినపుడు మాత్రమే అంతయు క్రొత్తగా మొదలగును. వారమున కొకసారి ఇట్లు చేసిన చాలును.

తరువాత టాస్క్ మేనేజరులోనే స్టార్టప్ అను భాగము కలదు. కంప్యూటరు తెరచినంతనే పిలువకుండగనే లేచి కూర్చుండు ప్రోగ్రాముల జాబితా అది. పెండ్లివారింట పని చేయువారికంటె కూర్చుండువారు ఎక్కువైనట్లు, ఇవి బల్లను ఆక్రమించును. పాటలవి, ఆటలవి, ప్రింటరుతో ఊరకే వచ్చినవి డిసేబుల్ చేయవచ్చును. వేలిముద్ర పరికరమునకు, డిజిటల్ సంతకమునకు, యాంటీ వైరసుకు సంబంధించిన వాటిని ముట్టరాదు. పేరు తెలియని దానిని కూడ ముట్టరాదు.

రెండు యాంటీ వైరసులు ఒకే యంత్రమున నుండుట మరియొక సామాన్య దోషము. ఒక దొంగను పట్టుటకు ఇద్దరు కావలివాండ్రు ఒకరినొకరు అనుమానించుకొన్నట్లు, ప్రతి ఫైలును రెండుసార్లు తడవుచుండును. విండోస్‌తోనే వచ్చు డిఫెండరు సాధారణ కార్యాలయమునకు చాలును. గడువు తీరిన కొనుగోలు యాంటీ వైరసు ఉన్నచో దానిని తొలగింపవలెను.

సి డ్రైవు నిండిపోయినను యంత్రము ఊపిరి సలుపలేదు. అయిదవ వంతు ఖాళీగా నుంచుట మేలు. డౌన్‌లోడ్స్ అను సంచికలో ఒకే దరఖాస్తు ప్రతి నాలుగైదుసార్లు దిగియుండుట నేను తరచు చూచితిని. ఫోటోలను, వీడియోలను వేరు డ్రైవునకు మార్చి, విండోస్ సెట్టింగులలోని స్టోరేజ్ భాగము ద్వారా తాత్కాలిక ఫైళ్ళను తుడిచివేయవచ్చును. బ్రౌజరులో ఇరువది కిటికీలు తెరచియుంచి ఒకదానిలో పనిచేయు అలవాటును కూడ మానవలెను. ప్రతి కిటికీయు బల్లపై కొంత స్థలమును తినును.

దుమ్ము, వేడి

భీమిలి–నర్సీపట్నం రోడ్డు ప్రక్కన కార్యాలయము గల సభ్యులకు దుమ్మును గూర్చి నేను చెప్పవలసినదేమున్నది! ఆ దుమ్ము పెట్టె లోపలి ఫ్యానుపై, ప్రాసెసరుపైనున్న లోహపు రేకులపై గోనెగుడ్డవలె పేరుకొనును. ప్రాసెసరు వేడి 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరువైనపుడు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తానే తగ్గించుకొనును. ఉదయము చురుకుగా నుండి మధ్యాహ్నమునకు చతికిలబడు యంత్రమునకు చాలవరకు ఇదియే కారణము.

విద్యుత్తు తీగను ఊడదీసి, పెట్టె మూత తెరచి, మెత్తని కుంచెతో, గాలి ఊదు బ్లోయరుతో దుమ్మును తొలగింపవలెను. ఊదునపుడు ఫ్యాను రెక్కలు గిరగిర తిరుగకుండ వ్రేలితో పట్టుకొనవలెను. తడిగుడ్డ పనికిరాదు. ఆరేడేండ్ల యంత్రమైనచో ప్రాసెసరునకు లోహపు రేకులకు మధ్యనుండు లేపనము ఎండిపోయి యుండును. దానిని క్రొత్తగా పూయుమని మెకానిక్కును కోరవలెను. ఇది స్వల్పమైన ఖర్చు.

పెట్టె తెరచినపుడు నాణెమువంటి చిన్న బ్యాటరీని కూడ చూడుడు. దానిపై సి.ఆర్. 2032 అని యుండును. అది నీరసించినచో ప్రతిదినము గడియారము ఏ పాత సంవత్సరమునకో పోవును. తేదీ తప్పిన యంత్రమున భద్రత గల పోర్టళ్ళు తెరచుకొనవు. దానిని చూచి కంప్యూటరు పాడైనదని, ఇంటర్నెట్టు లేదని అనుకొన్న కార్యాలయములు కలవు.

భోషాణమును మార్చుట

పైన చెప్పినవన్నియు చేసినను కొంత మేలే గాని పూర్తి మేలు కలుగకపోవచ్చును. యంత్రమున పాత రకపు హార్డు డిస్కు ఉన్నచో అసలైన మందు దానిని మార్చుటయే.

మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అవతరించిన 1956వ సంవత్సరముననే, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ మొట్టమొదటి హార్డు డిస్కును వెలువరించినది. 50 పెద్ద పళ్ళెములు గల ఆ యంత్రము 50 లక్షల అక్షరములను దాచగలిగెడిది. నేటి మన సెల్‌ఫోనులోని ఒక ఛాయాచిత్రమునకు సరిపోవునంత! నాటినుండి పరిమాణము తగ్గినది, సామర్థ్యము లక్షల రెట్లు పెరిగినది. పద్ధతి మాత్రము మారలేదు. గ్రామఫోను పళ్ళెమువలె తిరుగు డిస్కుపై ఒక ముల్లు ముందునకు వెనుకకు కదలుచు సమాచారమును వెదకును. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు డిస్కునకు ఒక చుట్టుకు 8 మిల్లీ సెకండ్లకు పైగా పట్టును. ముల్లు కదలుటకును, కావలసిన చోటు తిరిగి వచ్చుటకును కలిపి ప్రతిసారి 12 మిల్లీ సెకండ్లు, అనగా సెకండులో ఎనుబదవ వంతు, పట్టునని లెక్క. కన్ను మూసి తెరచునంత కూడ కాదు గదా యని అనిపించును. కాని విండోస్ మేలుకొనుటకు వేల కొలది చిన్న ఫైళ్ళను అక్కడక్కడ వెదకి తీయవలెను. నిమిషములు అక్కడనే కరగిపోవును.

ఎస్.ఎస్.డి. అనునది పళ్ళెము గాని, ముల్లు గాని లేని డిస్కు. అంతయు చిప్పులే. ఏ చోటనున్న సమాచారమునైనను మిల్లీ సెకండులో పదవ వంతులో అందించును. పాత డిస్కు సెకండుకు 100, 150 మెగాబైట్లు చదువునపుడు, పాత యంత్రములకు సరిపోవు సాటా రకపు ఎస్.ఎస్.డి. 500 మెగాబైట్ల వరకు చదువును. తిరుగు భాగములు లేనందున పెట్టె జరిపినపుడు కలుగు కుదుపులకు చెడదు. విద్యుత్తును కూడ తక్కువ వాడును. కార్యాలయపు పనికి 256 గిగాబైట్లది సాధారణముగా సరిపోవును.

నేను పైన చెప్పిన గ్రామమున జరిగినది ఇదియే. పట్టికను చూడగా డిస్కు అంకె 100 నుండి దిగలేదు. సభ్యులు నర్సీపట్నములో రెండు దుకాణములను, అనకాపల్లిలో ఒక దుకాణమును విచారించి, ఎస్.ఎస్.డి. తెప్పించి వేయించిరి. క్రొత్త యంత్రపు ధరలో అది చిన్న భాగము. నేను మరల పోయినపుడు ఆ బెల్లపు రైతే చేతి గడియారము చూచుచు మీట నొక్కించెను. నిమిషము తిరుగకమునుపే తెర సిద్ధమైనది. "ఇరుసుకు నూనె పడ్డాది" అని ఆయన నవ్వెను.

మెమరీ అంకె ఎక్కువగా నున్నచో ర్యామును పెంచవలెను. 4 గిగాబైట్లున్న యంత్రమునకు 8 చేసినచో నేటి బ్రౌజర్లకు ఊరట కలుగును. యంత్రముపై 32 బిట్ విండోస్ ఉన్నచో అది 4 గిగాబైట్లకు మించి వాడుకొనలేదు. ఎంత ర్యాము కొనినను వృథాయే. దీనిని ముందుగా చూచుకొనవలెను. అదియును గాక, 2025 చివరి నుండి కృత్రిమ మేధ కొరకు కట్టుచున్న పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రములు జ్ఞాపక చిప్పులను విస్తారముగా కొనుట వలన ప్రపంచమంతట వాటి ధరలు పెరిగినవి. నిరుటి ధరను నమ్ముకొని అంచనా వేయక, తీర్మానము చేయు వారముననే కొటేషనులు తెప్పించుట మంచిది.

విండోస్ సంగతి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. ఆ యంత్రములు ఆగిపోవు. కాని అదనపు భద్రతా పథకమున చేరనిచో క్రొత్త రక్షణలు రావు. ప్రజల ఆధార్ సంఖ్యలు, పింఛను వివరములు నడచు యంత్రమునకు ఇది చిన్న విషయము కాదు. విండోస్ 11 వేయుటకు కనీసము 4 గిగాబైట్ల ర్యాము, 64 గిగాబైట్ల స్థలము, టి.పి.ఎం. 2.0 అను భద్రతా చిప్పు, సంస్థ ఆమోదించిన ప్రాసెసరు ఉండవలెను. మీ యంత్రము వీటికి తగినదా కాదా యన్నదే దానిని బాగుచేయించుటయా, మార్చుటయా యనుదానిని తేల్చును. తగినదైనచో ఎస్.ఎస్.డి. వేయించుడు. తగనిదైనచో దానిపై ఎక్కువ ఖర్చు పెట్టక, పోర్టళ్ళ పనికి క్రొత్తదానిని సమకూర్చుకొని, పాతదానిని గ్రంథాలయమునకో, పిల్లల చదువునకో ఇచ్చుట యుక్తము. అట్టి పాత యంత్రములపై ఉచితముగా లభించు లినక్సు చక్కగా నడచును. కేరళ ప్రభుత్వ పాఠశాలలందు దానినే వాడుచున్నారు. తెలుగులో కూడ స్వేచ్ఛ అను సంస్థ ఇందుకై కృషి చేసినది. వేలిముద్ర పరికరములు, సంతకపు టోకెన్లు దానిపై పనిచేయకపోవచ్చును గనుక కార్యాలయపు ముఖ్య యంత్రమునకు మాత్రము దీనిని సూచింపను.

ఒక స్వానుభవము

వేగము పెంచుదుమని తెరపై వచ్చు ప్రకటనలను గూర్చి హెచ్చరింపక తప్పదు. నా ఇంటి కంప్యూటరు మందగించిన కాలమున నేనును అట్టి ప్రకటనను నమ్మి ఒక ప్రోగ్రామును దింపుకొంటిని. "మీ యంత్రమున వేయికి పైగా దోషములు కలవు" అని ఎర్రని అక్షరములు చూపి, రుసుము అడిగినది. రుసుము చెల్లింపలేదు గాని, దానిని తొలగించుటకు మూడు దినములు పట్టినది; ఆ తొందరలో మా అమ్మాయి వ్రాసికొన్న పరీక్ష నోట్సు పోయినవి. ఆ విషయమును ఆమె ఇప్పటికిని మరువలేదు. డిగ్రీ చదివి, నలుబది దాటిన ప్రచారాధికారికే ఈ గతి పట్టినపుడు ఇతరులను ఏమనగలము? కంపెనీ నుండి మాట్లాడుచున్నామని ఫోను చేసి, యంత్రమును తమ అధీనము చేయుమనువారు ఇంకను ప్రమాదకారులు. ఫోను పెట్టివేయవలెను.

మెకానిక్కు రాకమునుపు

పని మొదలుపెట్టకముందు స్టాకు రిజిస్టరు చూడవలెను. యంత్రము పంచాయతీ సొత్తా, ప్రభుత్వ శాఖ సరఫరా చేసినదా, వారంటీ మిగిలియున్నదా యని తేల్చుకొనవలెను. శాఖ సరఫరా చేసిన దానిని అనుమతి లేక తెరచుట తగదు. మండల కార్యాలయమునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

ఫైళ్ళనన్నిటిని వేరొక డ్రైవునకు నకలు తీసి, ఆ నకలు తెరచుకొనుచున్నదో లేదో చూచిన తరువాతనే పాత డిస్కును తాకనీయవలెను. ముఖ్యముగా పాత తెలుగు ఉత్తరములు అను ఫాంట్లలో టైపు చేయబడి యున్నచో, క్రొత్త విండోస్ వేసిన పిదప ఆ ఫాంట్లు లేక అవి అర్థము లేని గుర్తులుగా కనబడును. పదేండ్ల తీర్మానములు చదువుటకు వీలులేక చేతులు నలుపుకొన్న కార్యాలయము నొకదానిని నేనెరుగుదును. ఆ ఫాంట్లను, ప్రింటరు, స్కానరు, వేలిముద్ర పరికరముల డ్రైవర్లను ముందుగా సిద్ధపరచుకొనవలెను.

డిజిటల్ సంతకపు టోకెను యంత్రమునకు గుచ్చియుండగా మెకానిక్కునకు అప్పగింపరాదు. ఆ టోకెను, దాని సంకేతపదము కలిసి ఒకరి చేతికి పోయినచో సంతకము చేసిన ఖాళీ చెక్కు పుస్తకమును ఇచ్చినట్లే. సంతకము టోకెనులోనే భద్రముగా నుండును గనుక డిస్కు మార్చినంత మాత్రమున పోదు. డ్రైవరును మరల వేసికొనిన చాలును.

తీర్మానమును ఈ క్రింది విధముగా వ్రాసికొనవచ్చును:

"పంచాయతీ కార్యాలయపు కంప్యూటరు మందగించి ప్రజల అర్జీలకు ఆలస్యమగుచున్నందున, కార్యదర్శి సమర్పించిన పరిశీలన కాగితమును, మూడు కొటేషనులను చూచి, దానికి 256 గిగాబైట్ల ఎస్.ఎస్.డి. అమర్చుటకు, పెట్టెను శుభ్రపరచుటకు, ముందుగా ఫైళ్ళ నకలు తీసి కార్యదర్శి అధీనమున నుంచుటకు, తొలగించిన పాత డిస్కును స్టాకు రిజిస్టరులో నమోదు చేసి బీరువాలో భద్రపరచుటకు తీర్మానించడమైనది."

చివరి వాక్యమును విడువకుడు. ఫైళ్ళను తుడిచివేసినను పాత డిస్కు నుండి వాటిని మరల తీయగలవారు కలరు. దానిని మెకానిక్కు మారు బేరమునకు అడిగినను ఈయరాదు. పాత ఇనుము వానికి అమ్మరాదు. అక్కర తీరిన తరువాత లోపలి పళ్ళెములకు రంధ్రములు పొడిపించి, 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమముల ప్రకారము రిజిస్టరు చేసికొన్న సంస్థకు అప్పగింపవలెను. అంతవరకు దాని తాళము కార్యదర్శి యొద్దనే యుండవలెను.